వేడెక్కాక లాగని గేర్‌బాక్స్: విప్పే ముందు చూడవలసినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ముందుగా ఒకసారి చెప్తాను. ఇందులో ఏ చిన్న తేడా ఉన్నా నా సమాధానం కూడా మారుతుంది. 4,600 గంటలు తిరిగిన బ్యాక్‌హో లోడర్‌తో (ముందు బకెట్, వెనక తవ్వే చెయ్యి ఉన్న బండి) పల్నాడులో గ్రావెల్ క్వారీ పని చేయిస్తున్నారు. పొద్దున బండి బాగానే కదులుతోంది. రెండు గంటలు పని అయ్యాక ఫార్వర్డ్ వేస్తే రెండు మూడు సెకన్లు ఆగి గానీ కదలడం లేదు. నిండు బకెట్‌తో ర్యాంపు ఎక్కించబోతే ఇంజన్ అరుస్తోంది తప్ప బండి లాగడం లేదు. రివర్స్‌లో ఇబ్బంది లేదంటున్నారు. ఆయిల్ మూడు నెలల కిందటే మార్చారు. మీ మెకానిక్ మాత్రం గేర్‌బాక్స్ దింపి ఓవరాలింగ్ (మొత్తం విప్పి అరిగినవి మార్చడం) చేయాలంటున్నాడు. అది నిజంగా అవసరమా, అసలు ఇలాంటి బండ్ల గేర్‌బాక్సును ఎలా కాపాడుకోవాలి అన్నవి మీ రెండు ప్రశ్నలు.

ఓవరాలింగ్ అవసరం కావచ్చు, కానీ ఆ మాట చెప్పడానికి మీ మెకానిక్ దగ్గర ఇప్పటికి ఆధారం లేదు. ఇరవై ఆరేళ్లుగా క్వారీల్లో, రోడ్డు పనుల్లో, కాలువ పనుల్లో ఈ యంత్రాలు చూస్తున్నాను. విప్పిన తర్వాత "ఇది విప్పకుండానే సరిపోయేది కదా" అనుకున్న గేర్‌బాక్సులు నా చేతుల మీదుగానే కొన్ని పోయాయి. గేర్‌బాక్స్ దింపడం ఒక రోజు పని. దింపాలా వద్దా అని తేల్చుకోవడం మహా అయితే పూట పని. ఆ పూట పనిని ఎవరూ చేయకపోవడమే మన దగ్గర ఉన్న అసలు జబ్బు.

ముందు ఈ పెట్టె స్వభావం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది యజమానులు దీన్ని లారీ గేర్‌బాక్స్ లాగే చూస్తారు. లారీలో కాలితో తొక్కే పొడి క్లచ్ ఉంటుంది, గేర్‌బాక్స్‌లోని నూనె కేవలం పళ్లకు తడి కోసం ఉంటుంది. మీ బండిలో ఇంజన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య నూనె ద్వారా శక్తిని అందించే టార్క్ కన్వర్టర్ ఉంది. దాని వెనక ఫార్వర్డ్‌కు ఒకటి, రివర్స్‌కు ఒకటి చొప్పున నూనెలో మునిగి ఉండే క్లచ్ ప్యాకులు ఉన్నాయి. ఆ ప్లేట్లను ఒకదానికొకటి నొక్కి పట్టేది నూనె ప్రెషర్ మాత్రమే. అంటే ఇంజన్ శక్తిని కన్వర్టర్‌లో ఒక చక్రం నుంచి ఇంకో చక్రానికి మోసేదీ, క్లచ్ పిస్టన్‌ను నెట్టేదీ, బేరింగులను తడిపేదీ, పుట్టిన వేడిని కూలర్‌కు తీసుకుపోయేదీ అన్నీ ఆ పదిహేను, ఇరవై లీటర్ల నూనే. అందుకే నేను ఆయిల్‌ను సర్వీస్ సామానుగా కాక గేర్‌బాక్స్‌లో ఒక స్పేర్ పార్టుగానే లెక్కేస్తాను. పెద్ద వీల్ లోడర్లలో, గ్రేడర్లలో అయితే ఒక్క షటిల్ (ముందుకు, వెనక్కి మార్చే భాగం) మాత్రమే కాదు, గేర్లన్నీ ఇలాంటి క్లచ్ ప్యాకులతోనే పడతాయి.

ఇప్పుడు మీ లక్షణం దగ్గరకు వస్తాను. వేడెక్కాక జారుతోందంటే, పల్చబడిన నూనె ఎక్కడో కారిపోయి క్లచ్‌కు చేరవలసిన ప్రెషర్ చేరడం లేదని మొదటి అనుమానం. చల్లగా ఉన్నప్పుడు చిక్కటి నూనె అరిగిన సీల్ పక్క నుంచి కూడా అంత తేలిగ్గా జారుకోదు, కాబట్టి పొద్దున బండి బాగానే ఉంటుంది. ఇది పంపు దగ్గర జరుగుతోందా, ఒక్క ఫార్వర్డ్ క్లచ్ దగ్గరే జరుగుతోందా అన్నది తేలితే సగం సమస్య తీరినట్టే. రివర్స్ బాగుందన్నారు గనుక తప్పు ఫార్వర్డ్ క్లచ్‌లోనే ఉందని మీ మెకానిక్ అనుకుని ఉంటాడు. అక్కడ నేను ఒక మాట అడుగుతాను. మీ ఆపరేటర్ నిండు బకెట్‌తో ఎప్పుడూ ఫార్వర్డ్‌లోనే ర్యాంపు ఎక్కుతాడు, ఖాళీ బకెట్‌తో రివర్స్‌లో దిగుతాడు. దిగేటప్పుడు క్లచ్ మీద బరువేముంటుంది? జారే క్లచ్ కూడా ఆ పనికి సరిపోతుంది. బండి బాగా వేడెక్కి ఫార్వర్డ్‌లో జారుతున్న సమయంలోనే, ఖాళీ బకెట్‌తో, వెనక మనుషులెవరూ లేకుండా చూసుకుని, అదే ర్యాంపు మీదికి ఒకసారి ఫార్వర్డ్‌లో, ఒకసారి రివర్స్‌లో ఎక్కించి చూడండి. రెండు వైపులా ఒకేలా లాగకపోతే తప్పు రెంటికీ ఉమ్మడిగా ఉన్న చోట ఉంది: ఆయిల్ లెవెల్, ఆయిల్ రకం, స్ట్రైనర్ (నూనె పంపుకు వెళ్లే ముందు ఉండే జాలీ), ఫిల్టర్, పంపు, ప్రెషర్ వాల్వ్, కన్వర్టర్. రివర్స్ నిజంగానే గట్టిగా లాగి ఫార్వర్డ్ ఒక్కటే జారితే అప్పుడు ఫార్వర్డ్ సొలినాయిడ్ (కరెంటుతో వాల్వును కదిలించే కాయిల్), దాని వాల్వు, క్లచ్ ప్యాకు, షాఫ్ట్ మీది సీల్ రింగులు మిగులుతాయి.

ఈ రెండో సంగతి అయినా సరే, గేర్‌బాక్స్ జోలికి పోకముందు సొలినాయిడ్ కాయిల్ చూడాలి. కాయిల్ వేడెక్కితే దాని తీగ నిరోధం పెరుగుతుంది, కరెంటు తగ్గుతుంది, వాల్వు లోపలి స్పూల్ అనే కడ్డీ పూర్తిగా జరగదు. లక్షణం అచ్చంగా క్లచ్ అరిగినట్టే కనిపిస్తుంది. చాలా బండ్లలో ఫార్వర్డ్, రివర్స్ కాయిల్స్ ఒకే రకంవి ఉంటాయి. ఇంజన్ ఆపి, చక్రాలకు చెక్కలు పెట్టి, ఆ రెండు కాయిల్స్‌ను ఒకదాని స్థానంలో ఒకటి మార్చండి. కనెక్టర్లు మాత్రం వాటి వాటి చోట్లే ఉండాలి. కనెక్టర్ కాయిల్‌తో పాటు వెళ్లిపోతే ముందుకు వేసినప్పుడు బండి వెనక్కి వస్తుంది, మనుషుల ప్రాణాల మీదికి వస్తుంది. మార్చిన తర్వాత జబ్బు రివర్స్‌లోకి మారితే మీ ఓవరాలింగ్ ఒక కాయిల్ ఖర్చుతో తీరిపోయినట్టే. కనెక్టర్ పిన్నుల పచ్చతనం, వైరింగ్‌లో వోల్టేజి తగ్గుదల కూడా అదే సమయంలో చూసేయవచ్చు.

తర్వాత ఆయిల్ లెవెల్. ఇది చెప్పడానికి చిన్న విషయంలా ఉంటుంది గానీ, సరిగ్గా చూసేవాళ్లు తక్కువ. కొన్ని బండ్లలో ఇంజన్ ఆపి కాసేపు ఆగాక డిప్‌స్టిక్ చూడాలి; కొన్నింట్లో ఇంజన్ ఐడిల్‌లో తిరుగుతూ, గేర్ న్యూట్రల్‌లో ఉండి, ఆయిల్ వేడిగా ఉన్నప్పుడు చూడాలి. రెండో రకం బండిలో ఇంజన్ ఆపి చూస్తే కన్వర్టర్ నుంచి, కూలర్ నుంచి దిగివచ్చిన నూనె వల్ల లెవెల్ ఎక్కువగా కనిపిస్తుంది, నిజానికి తక్కువే ఉంటుంది. మీ బండికి ఏది వర్తిస్తుందో మాన్యువల్‌లోనో, బానెట్ లోపలి స్టిక్కర్ మీదో ఉంటుంది; ఇంకో కంపెనీ బండి మీద పని నేర్చుకున్న హెల్పర్ మాట మీద ఆధారపడవద్దు. లెవెల్ తక్కువైతే ర్యాంపు మీద నూనె వెనక్కి ఒరిగి స్ట్రైనర్ నోరు గాలిలో తేలుతుంది, పంపు గాలి పీల్చుకుంటుంది, నురగ మీద క్లచ్ నిలవదు. "ఎందుకైనా మంచిది" అని రెండు లీటర్లు ఎక్కువ పోసినా నష్టమే: గేర్లు ఆ నూనెను చిలికి నురగ చేస్తాయి, అనవసరంగా వేడి పుడుతుంది.

మూడు నెలల కింద మార్చిన ఆయిల్ ఏ రకమో మీరు రాయలేదు, నాకు అన్నిటికంటే ముందు తెలియవలసింది అదే. క్వారీలో స్టోరు దగ్గర నాలుగు డ్రమ్ములుంటాయి: ఇంజన్ ఆయిల్, హైడ్రాలిక్ 68, గేర్ ఆయిల్ 90, మరొకటి. ఏది చేతికి దొరికితే అది పోసేస్తారు. 90 నంబరు గేర్ ఆయిల్ యాక్సిల్స్ కోసం తయారైంది. దాని చిక్కదనం సన్నటి వాల్వు దారులకు పనికిరాదు, అందులో ఒత్తిడి తట్టుకోవడానికి కలిపే గంధకం, భాస్వరం రసాయనాలు ఇత్తడి, కంచు భాగాలను తినేస్తాయి. హైడ్రాలిక్ ఆయిల్‌కు ఫ్రిక్షన్ ప్లేట్లతో ఎలా ప్రవర్తించాలో తెలియదు, ఆ పని కోసం దాన్ని తయారు చేయలేదు. కొన్ని గేర్‌బాక్సులు క్యాటర్‌పిల్లర్ టీఓ-4 ప్రమాణం ఉన్న నూనె అడుగుతాయి; కొన్ని బ్రేకులకూ గేర్‌బాక్స్‌కూ కలిపి వాడే యూటీటీఓ రకం అడుగుతాయి; కొన్ని ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్ అడుగుతాయి. ఇవి ఒకదానికొకటి బదులు కావు. యూటీటీఓలో బ్రేకులు కీచుమనకుండా ఉండటానికి ఘర్షణను మృదువు చేసే రసాయనం ఉంటుంది. అదే గట్టి పట్టు కోరే క్లచ్‌లో పోస్తే ప్లేట్లు జారడం మొదలుపెడతాయి. డబ్బా మీద రంగుల బొమ్మ చూడవద్దు, వెనక చిన్న అక్షరాల్లో ఉన్న ప్రమాణం చదవండి. బిల్లు ఇవ్వని దుకాణంలో ఆయిల్ కొనకండి. మూడు నెలల కింద తప్పు నూనె పడిందని తేలితే, సరైన నూనెతో ఒకసారి మార్చి, వంద గంటలు తిప్పి, మళ్లీ మార్చి చూసిన తర్వాతే ఇంకేదైనా ఆలోచించాలి. ఒక్కసారి మార్చితే కన్వర్టర్‌లో, కూలర్‌లో, గొట్టాల్లో పాతది చాలానే మిగిలిపోతుంది.

ఇక నూనెను చదవడం. డిప్‌స్టిక్ మీది చుక్కను తెల్ల కాగితం మీద వేయండి, వేళ్ల మధ్య రుద్దండి, వాసన చూడండి. మాడిన వాసన, నలుపు కలిస్తే ప్లేట్లు కాలుతున్నాయి. పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు చేరాయి. అది కాగితపు రకం ఫ్రిక్షన్ ప్లేట్లకు చావు కబురే, ఎందుకంటే నీళ్లు, ముఖ్యంగా కూలెంట్‌లోని గ్లైకాల్, ప్లేటు మీది పొరను అంటించిన జిగురును వదులు చేస్తాయి, ఆ తర్వాత ఎంత మంచి నూనె పోసినా పొర ఊడిపోవడం ఆగదు. డ్రెయిన్ ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి పేస్టు అంటుకుని ఉంటే కంగారు పడవలసిన పని లేదు, అది మామూలు అరుగుదల. వేలికి గుచ్చుకునే ముక్కలు, సూదులు ఉంటే బేరింగో, గేరు పన్నో పోయింది. అయస్కాంతానికి అంటుకోని పసుపు తళుకులు బుష్షులవో, సింక్రోనైజర్ రింగులవో (గేరు పడేటప్పుడు వేగాలు కలిపేవి) కావచ్చు. వెండి తళుకు కూడా అంటుకోకపోతే అది అల్యూమినియం, కన్వర్టర్ వైపు చూడండి.

అయితే డ్రెయిన్ ప్లగ్ కంటే పాత ఫిల్టరే ఎక్కువ కబుర్లు చెబుతుంది, దాన్ని పారేయకండి. ఫిల్టర్ డబ్బాను కోసి చూడాలి. హాక్సా బ్లేడుతో కోస్తే ఆ కోతలో రాలిన ఇనుప రజను కాగితం మీద పడి, అది గేర్‌బాక్స్‌లోనుంచి వచ్చిందో మీ బ్లేడు నుంచి వచ్చిందో తెలియకుండా పోతుంది. కుర్రతనంలో నేను ఈ పొరపాటు చేసి ఒక మంచి గేర్‌బాక్సును అనుమానించాను. పైపు కట్టర్ లాంటి చక్రపు ఫిల్టర్ కట్టర్ దొరుకుతుంది, అది తెచ్చుకోండి. డబ్బా విప్పాక కాగితపు మడతలను కత్తెరతో వేరు చేసి, వైస్‌లో నొక్కి నూనె పిండేసి, తెల్ల గుడ్డ మీద విసనకర్రలా పరిచి ఎండలో పెట్టండి. అప్పుడు ఏ మడతలో నల్లటి పీచు ఉందో, ఏ మడతలో మెరుపు ఉందో కళ్లకు కడుతుంది. నల్లటి పీచు, పొరల ముక్కలు ఎక్కువగా కనిపిస్తే మీ మెకానిక్ మాట నిజమైనట్టే, నాకు కూడా వేరే వాదన లేదు.

ఫిల్టర్‌తో పాటు సంప్ (నూనె నిలిచే తొట్టి) అడుగున ఉండే స్ట్రైనర్‌ను కూడా విప్పి చూడమని ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే ఫిల్టర్ మార్చినవాళ్లు దీని జోలికి సాధారణంగా పోరు. స్ట్రైనర్‌లో నాకు ఎక్కువగా దొరికింది ఇనుము కాదు. ఒకటి, గ్యాస్‌కెట్ పేస్టు: కవరు బిగించేటప్పుడు మెకానిక్ దట్టంగా పూసిన పేస్టు లోపలికి ఉబ్బి, తెగి, పురుగుల్లా జాలీకి అంటుకుంటుంది. రెండు, బనియన్ గుడ్డ దారాలు. నూనె చల్లగా ఉన్నప్పుడు అడుగున పడి ఉండే ఈ చెత్త పని సాగే కొద్దీ కదిలి జాలీని మూసేస్తుంది. బండి ఆపి అరగంట వదిలేస్తే మళ్లీ కిందకు జారుతుంది, బండి మళ్లీ బాగైనట్టు అనిపిస్తుంది. మీ బండి అరగంట ఆపి వదిలితే, నూనె ఇంకా వేడిగా ఉండగానే మళ్లీ బాగా లాగుతోందా? లాగుతుంటే స్ట్రైనర్ మీద నా అనుమానం బాగా పెరుగుతుంది.

ఇవన్నీ చూశాక ప్రెషర్ గేజ్ పెట్టాలి. 0 నుంచి 40 బార్ వరకు చూపే గేజు, పొడవైన గొట్టం, మీ గేర్‌బాక్స్ టెస్ట్ పోర్టుకు సరిపోయే అడాప్టరు ఉంటే చాలు. బండి పని చేసి వేడెక్కి ఉండగా, తక్కువ రేజ్‌లోనూ, పని చేసే రేజ్‌లోనూ న్యూట్రల్, ఫార్వర్డ్, రివర్స్ మూడింటిలోనూ రీడింగ్ రాసుకోండి. ఎంత ఉండాలో మీ మాన్యువల్ అంకెనే పట్టుకోవాలి; ఒక బండి అంకె ఇంకో బండికి చెల్లదు. అసలు అంకె కంటే మూడింటి మధ్య తేడాయే ఎక్కువ మాట్లాడుతుంది. మూడింట్లోనూ తక్కువ ఉంటే పంపు, స్ట్రైనర్, ప్రెషర్ వాల్వు వైపు వెళ్లాలి. న్యూట్రల్‌లో, రివర్స్‌లో నిలబడిన ముల్లు ఫార్వర్డ్ వేయగానే పడిపోయి అక్కడే ఉండిపోతే ఫార్వర్డ్ క్లచ్ పిస్టన్ సీలో, షాఫ్ట్ రింగులో కారుతున్నాయి. ముల్లు నిక్కచ్చిగా నిలబడి ఉండి కూడా బండి జారుతుంటే ప్లేట్లు అరిగిపోయాయి. ఈ చివరి రెండు సందర్భాల్లోనే గేర్‌బాక్స్ దింపడం న్యాయం.

స్టాల్ టెస్ట్ గురించి మీ మెకానిక్ చెప్పే ఉంటాడు. ఫుట్ బ్రేకు గట్టిగా తొక్కి, గేరులో పెట్టి, ఫుల్ రేజ్ ఇచ్చి ఇంజన్ ఎన్ని ఆర్‌పీఎంల దగ్గర ఆగుతుందో చూడటమే ఆ పరీక్ష. మంచి పరీక్షే, కానీ అన్నిటికన్నా ఎక్కువ దెబ్బలు తగిలేది కూడా దీనితోనే. చక్రం తిరగనప్పుడు కన్వర్టర్‌కు అందిన శక్తి మొత్తం నూనెలో వేడిగా మారుతుంది. యాభై కిలోవాట్ల శక్తి అనుకుంటే, ఇళ్లలో నీళ్లు కాచే ఒక కిలోవాట్ కాయిల్ హీటర్లు యాభై ఒకేసారి పద్దెనిమిది లీటర్ల నూనెలో ముంచినట్టు. కూలర్ సాయం పక్కన పెడితే సెకనుకు ఒకటిన్నర డిగ్రీల చొప్పున నూనె వేడెక్కుతుంది. అందుకే పది పదిహేను సెకన్లకు మించి పట్టి ఉంచకూడదు, ఒక్కో పరీక్ష తర్వాత న్యూట్రల్‌లో పెట్టి రెండు నిమిషాలు ఇంజన్ తిప్పి చల్లార్చాలి. బకెట్లు నేల మీద ఉండాలి, బండి ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు, మీలాంటి షటిల్ బండిలో పై గేరులో పెట్టి చేయాలి. హ్యాండ్ బ్రేకు మీద ఆధారపడకండి. కొన్ని బండ్లలో హ్యాండ్ బ్రేకు వేయగానే డ్రైవ్ తానే తెగిపోతుంది, మీరు చూసే ఆర్‌పీఎం అబద్ధమవుతుంది. ఆర్‌పీఎం మాన్యువల్ అంకె కంటే బాగా ఎక్కువొస్తే క్లచ్ జారుతోంది లేదా కన్వర్టర్‌లో నూనె తక్కువగా ఉంది. రెండు వైపులా తక్కువొస్తే ఇంజన్ బలహీనమో, కన్వర్టర్ లోపలి స్టేటర్‌ను (నూనె దారి మళ్లించే చక్రం) ఒకే వైపు తిరగనిచ్చే వన్‌వే క్లచ్ జారుతోందో చూసుకోవాలి. డీజిల్ ఫిల్టర్ మూసుకుపోయిన ఇంజన్‌ను చూసి గేర్‌బాక్స్ విప్పినవాళ్లు నాకు తెలుసు.

ఇక రెండో ప్రశ్న, రోజువారీ సంరక్షణ. చాలా బ్యాక్‌హోల్లో కొత్త బండికి మొదటి 100 గంటలకు, తర్వాత ప్రతి 500 గంటలకు ఫిల్టర్, 1,000 గంటలకు ఆయిల్ అన్నది వాడుక. మీ మాన్యువల్ వేరే చెబితే దాన్నే పాటించండి. కానీ ఆ అంకెలు నూనె ఎనభై, తొంభై ఐదు డిగ్రీల మధ్య తిరిగే బండి కోసం రాసినవి. మీరున్నది రెంటచింతలకు దగ్గర, వేసవిలో 45 డిగ్రీలు దాటే ప్రాంతం. 25 డిగ్రీల గాలిలో 95 డిగ్రీల నూనెను చల్లార్చే కూలర్‌కు డెబ్బై డిగ్రీల తేడా దొరుకుతుంది; మీ మేలో యాభై మాత్రమే దొరుకుతుంది, అంటే అదే కూలర్ మూడో వంతుకు దగ్గరగా తక్కువ పని చేస్తుంది. ఆపైన రెక్కల మధ్య గ్రావెల్ దుమ్ము, ఎండు గడ్డి. నూనె పది డిగ్రీలు అదనంగా వేడెక్కితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుందన్నది మా వాళ్ల పాత లెక్క. కాబట్టి మార్చి నుంచి జూన్ వరకు కూలర్‌ను ప్రతిరోజూ, ఫ్యాను గాలి వచ్చే దిశకు ఎదురుగా, లోపలి నుంచి బయటకు గాలి కొట్టి శుభ్రం చేయించండి. బయట నుంచి కొడితే దుమ్ము ఇంకా లోతుకు దిగుతుంది. రెక్కల మీద నూనె తడి ఉంటే ముందు ఆ లీకు ఆపండి; తడి మీద పడిన దుమ్ము గాలికి రాదు. ఆ నాలుగు నెలలు ఆయిల్ గడువును కొంత ముందుకు జరపడం నా అలవాటు, ఎందుకంటే నూనె ఖర్చు చిన్నది.

కానీ నిజం చెప్పాలంటే, గేర్‌బాక్స్ ఆయుష్షులో పెద్ద భాగం ఆపరేటర్ చేతిలో ఉంటుంది, ఇది యజమానులకు వినడం ఇష్టం ఉండదు. మీ బండి గేర్ లివర్ మీద ఒక బటన్ ఉంటుంది; అది నొక్కితే డ్రైవ్ తెగి, గేర్ మెత్తగా పడుతుంది. ఎంతమంది నొక్కుతారు? లివర్‌ను బలంగా తోసి, కిర్రుమన్నా లెక్కచేయకుండా వేస్తారు, సింక్రోనైజర్ రింగులు అరుగుతాయి. ఒక రోజు ఏమీ చెప్పకుండా క్యాబిన్ పక్కన నిలబడి మీ ఆపరేటర్ బొటనవేలు ఏం చేస్తోందో చూడండి. బండి ముందుకు పరిగెడుతుండగానే షటిల్ లివర్ వెనక్కి లాగడం ఇంకొకటి: అప్పుడు బండి బరువంతా ఆపవలసిన పని బ్రేకు మీద కాక క్లచ్ ప్లేట్ల మీద పడుతుంది. గుట్టలో బకెట్ దూర్చి, చక్రాలు ఆగిపోయినా ఫుల్ రేజ్ వదలకుండా తొయ్యడం మూడోది. అది ఇందాక చెప్పిన స్టాల్ టెస్టే, రోజుకు రెండు వందల సార్లు. వాలులో గేరు వేసి ఉంచి బ్రేకుతో బండిని నిలబెట్టడం కూడా అదే జాతి. గట్టి తారు రోడ్డు మీద ఫోర్ వీల్ డ్రైవ్ వేసి ఉంచినా, ముందు వెనక టైర్ల సైజు నిష్పత్తి మారిపోయేలా ఏదో ఒక సైజు దొరికిందని వేసినా, రెండు యాక్సిళ్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి, ఆ పోట్లాటను మధ్యలో ఉన్న గేర్‌బాక్స్ మోస్తుంది.

చెడిపోయిన బండిని లాక్కుపోవడం గురించి కూడా చెప్పాలి. ఒకచోట ఇంజన్ ఆగిన వీల్ లోడర్‌ను టిప్పరుకు కట్టి నాలుగు కిలోమీటర్లు రోడ్డు మీదికి లాక్కొచ్చారు. ఇంజన్ తిరగనిదే పంపు తిరగదు, చక్రాలు మాత్రం గేర్‌బాక్సును తిప్పుతూనే ఉంటాయి. లోపల తడి లేకుండా ప్లేట్లు, బుష్షులు ఒరుసుకుని మాడిపోయాయి. ఇంజన్ కోసం షెడ్డుకు వచ్చిన బండికి గేర్‌బాక్స్ కూడా చేయవలసి వచ్చింది. లాక్కుపోక తప్పకపోతే గేర్‌బాక్స్ నుంచి చక్రాలకు శక్తి తీసుకెళ్లే రెండు ప్రొపెల్లర్ షాఫ్టులూ విప్పాకే లాగండి. తోసి స్టార్ట్ చేయడం ఈ బండ్లకు వర్తించదు. కన్వర్టర్ దాన్ని ఒప్పుకోదు.

బండి కడిగేటప్పుడు గేర్‌బాక్స్ పైనున్న బ్రీదర్ (లోపలి గాలి వచ్చి పోయే రంధ్రం) మీదికి ప్రెషర్ వాటర్ కొట్టవద్దు. వేడి పెట్టె చల్లారుతూ ఆ నీటినే లోపలికి పీల్చుకుంటుంది. బ్రీదర్ మూసుకుపోతే లోపలి గాలి సీళ్లను బయటకు తోస్తుంది, "సీల్ మార్చినా కారుతోంది" అనే బండ్లలో ముందు చూడవలసింది అదే. బకెట్‌కు వెల్డింగ్ చేసేటప్పుడు బ్యాటరీ కనెక్షన్ తీసి, ఎర్త్ క్లాంపును వెల్డింగ్ చేసే ముక్కకే పట్టించండి. కరెంటు బేరింగుల గుండా పోతే వాటి మీద మచ్చలు పడతాయి.

మీ దగ్గరి టిప్పర్లకు ఇందులో సగం వర్తించదు, అక్కడ పొడి క్లచ్ మీద కాలు పెట్టి తోలడం, ఘాట్‌లో న్యూట్రల్‌లో దించడం అసలు శత్రువులు. ప్రొక్లెయినర్‌కు మీ అర్థంలో గేర్‌బాక్సే లేదు. చెయిన్లను తిప్పేవి హైడ్రాలిక్ మోటార్లు, వాటి పక్కన ఉండే ఫైనల్ డ్రైవ్ నూనె, స్వింగ్ గేర్ నూనె మరచిపోకుండా మార్చితే చాలు.

చివరికి దింపవలసే వస్తే కొన్ని విషయాలు మీరే దగ్గరుండి చూడండి. ఒక గ్రానైట్ క్వారీలో పూర్తిగా ఓవరాలింగ్ చేసిన లోడర్ గేర్‌బాక్స్ మూడు వందల గంటలకే మళ్లీ జారింది. పని బాగానే చేశాం, కానీ పాత గేర్‌బాక్స్ పీచు, రజను కూలర్‌లో, గొట్టాల్లో మిగిలే ఉంది. కొత్త ప్లేట్ల మధ్యకు అదే వచ్చి చేరింది. తప్పు నాదే, ఆ కూలర్ కడిగించమని నేను గట్టిగా అడగలేదు. కూలర్, గొట్టాలు రెండు వైపుల నుంచీ ఫ్లష్ చేయించండి, కూలర్ లోపల పీచు బాగా పట్టి ఉంటే కొత్తది వేయండి. కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను బిగించే ముందు అదే రకం నూనెలో కనీసం రెండు గంటలు నానబెట్టాలి; పొడిగా వేసిన ప్లేటు మొదటి నిమిషంలోనే మాడుతుంది. నీలి మచ్చలు పడిన ఉక్కు ప్లేట్లను సాన పట్టి మళ్లీ వేయనివ్వకండి. అన్నిటికంటే ముఖ్యంగా, గేర్‌బాక్సును ఇంజన్‌కు కలిపేటప్పుడు కన్వర్టర్ గొట్టపు పళ్లు పంపు గాడిలో సరిగ్గా కూర్చోవాలి. కూర్చుంటే బెల్ హౌసింగ్ చేతితో తోస్తేనే ఇంజన్‌కు ఆనుతుంది. వేలెడు సందు మిగిలి ఉంటే బోల్టులు బిగించి దగ్గరికి లాగడానికి చూస్తారు. ఆ క్షణంలో ఆపండి. ఆ బోల్టు బిగుసుకునే చప్పుడుతో పాటే లోపల కొత్త పంపు పగులుతుంది, స్టార్ట్ చేసేదాకా ఎవరికీ తెలియదు.

ప్రస్తుతానికి మీరు చేయవలసింది ర్యాంపు మీద రివర్స్ పరీక్ష, కాయిల్స్ మార్పు, స్ట్రైనర్, ఆ తర్వాత గేజు. మూడు నెలల కింద పోసిన ఆయిల్ డబ్బా వెనక రాసి ఉన్న ప్రమాణం, వేడి మీద తీసిన రీడింగులు, అవి తీసినప్పటి ఇంజన్ ఆర్‌పీఎం ఇక్కడే రాయండి. అవి చూశాక గేర్‌బాక్స్ దింపాలో వద్దో నేను ఒక్క మాటలో చెప్పగలను. అంతవరకు బండిని ర్యాంపు పనికి పంపకండి, జారుతున్న క్లచ్‌తో చేసిన ప్రతి ట్రిప్పూ ప్లేట్లనే తింటుంది.